డాబా మీద సోలార్: 3 కిలోవాట్లు పెట్టాలా, 5 పెట్టి మిగిలింది అమ్ముకోవాలా?

హన్మకొండ డాబా
అందరికీ నమస్తే. ఈ విషయం నెల రోజుల నుంచి ఇంట్లో నలుగుతోంది, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను. మాది హన్మకొండలో సొంత ఇల్లు. అమ్మానాన్న, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. రెండు ఏసీలు, ఒక గీజర్. మొన్న మేలో 480 యూనిట్లు కాలింది. చలికాలంలో 240, 250 దగ్గర ఉంటుంది. పోయిన వారం ఒకాయన వచ్చి స్లాబంతా తిరిగి చూసి, "5 కిలోవాట్లు పెట్టుకోండి సార్, మీరు వాడుకోగా మిగిలింది కరెంటోళ్లకే అమ్మొచ్చు, నెలనెలా పింఛన్ వచ్చినట్టు వస్తుంది" అన్నాడు. నాన్న ఆ పింఛన్ మాట దగ్గరే ఆగిపోయారు. నాకేమో లెక్క కుదరడం లేదు. నిజంగా అమ్మిన కరెంటుకు డబ్బులు వస్తాయా, వస్తే ఎంత? అమ్మ ఇంకో మాట అడుగుతోంది, డాబా నిండా పలకలు పరిస్తే మిరపకాయలు, వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని. పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మానేరు తీరం
కరీంనగర్ నుంచి. మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టి 14 నెలలైంది. ముందే చెప్తున్నా అన్నా, ఆ పింఛన్ మాట మర్చిపోండి. సోలార్‌లో లాభం అమ్మకంలో లేదు, కొనకుండా ఉండడంలో ఉంది. నాకు కూడా పెట్టేముందు ఇది ఎవరూ చెప్పలేదు, మొదటి బిల్లు చేతికొచ్చాకే అర్థమైంది.

మన దగ్గర నెలకు 200 యూనిట్లు దాటితే రేటు స్లాబు మొత్తం మారిపోతుంది కదా. సరిగ్గా 200 కాలితే మొదటి వంద 3.40, రెండో వంద 4.80, అంతా కలిపి 820 రూపాయలు. 201 అయిందంటే మొదటి 200కి కూడా 5.10 పడుతుంది, ఒక్క యూనిట్ తేడాకు 200 రూపాయల పైన పెరుగుతుంది. ఆ తర్వాత 300 దాకా 7.70, 400 దాకా 9, ఆపైన 9.50. అంటే ఎండాకాలంలో ఏసీ తాగే పై యూనిట్లే అన్నిటికన్నా ఖరీదైనవి. సోలార్ ముందుగా కోసేది వాటినే.

మా ఇంటి మార్చి లెక్క చూడండి. ప్లేట్ల మీద 375 యూనిట్లు తయారైంది. అందులో 150 పగలే ఇంట్లో వాడుకున్నాం, 225 లైన్లోకి పోయింది. రాత్రిళ్లు లైన్ నుంచి 260 తీసుకున్నాం. 260లో 225 పోతే 35 యూనిట్లకు బిల్లు. సోలార్ లేకపోతే ఆ నెల మాది 410 యూనిట్లు, 2,785 రూపాయలు. 35 యూనిట్లే కాబట్టి అన్నిటికన్నా కింది రేటు, 1.95 చొప్పున 70 రూపాయలు కూడా కాలేదు. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ అవి ఎలాగూ ఉంటాయి.

హన్మకొండ డాబా
అంటే మనం పంపిన యూనిట్‌కి వాళ్లు యూనిట్ ఇస్తున్నారు, డబ్బులు కాదు. ఇది చెప్పలేదు ఆయన. మరి పంపింది ఎక్కువైతే?

మానేరు తీరం
ఆ నెల మిగిలిన యూనిట్లు మీ పేరు మీద ఉంటాయి, తర్వాతి నెలలో తగ్గిస్తారు. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో ఒకసారి డిసెంబర్‌లో ఒకసారి, అప్పటికీ మిగిలి ఉంటే అప్పుడు డబ్బు లెక్క కడతారు. కానీ ఆ ధర మీరు కొనే 9 రూపాయల ధర కాదు. డిస్కం, అంటే మన కరెంటు పంపిణీ కంపెనీ, సగటున బయట ఎంతకు కరెంటు కొంటుందో ఆ లెక్కన ఇస్తారు. మీరు తప్పించుకున్న యూనిట్‌కి 9 రూపాయలు, అమ్మిన యూనిట్‌కి అందులో సగం పైచిలుకు. అమ్మకం కోసం ప్లేట్లు పెంచడం మన సొంత ఇంటికి పనికిరాని లెక్క.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
మానేరు అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను 22 ఏళ్లుగా ఎలక్ట్రికల్ పనిలోనే ఉన్నాను, మా బావమరిది ఇంటికి దగ్గరుండి పెట్టించాను. ఇంకో మాట కలుపుతా. ఇంటి సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున, మూడో దానికి 18,000. మొత్తం 78,000, అక్కడితో ఆఖరు. మీరు 5 పెట్టినా 10 పెట్టినా అదే 78,000. అంటే ఆ నాలుగోది, ఐదోది పూర్తిగా మీ జేబులోంచి పెట్టి, వాటి నుంచి వచ్చే కరెంటును తక్కువ ధరకు అమ్ముతారన్నమాట. అమ్మేవాడికి 5 కిలోవాట్ల మీద లాభం ఎక్కువ కాబట్టి వాడు 5 అనే అంటాడు.

12 నెలల బిల్లులు తీసి కూడండి సార్. ఏసీ కాలిన నెల చూసి కాదు, ఏడాది మొత్తం చూసి సైజు తేల్చాలి. మన దగ్గర 3 కిలోవాట్లు ఏడాదికి సుమారు 4,000 యూనిట్లు ఇస్తాయి, నీడ లేకపోతే.

జగిత్యాల టు దోహా
అన్నలూ, నాకు కూడా ఇదే డౌట్. నేను దోహాలో ఉంటా, జగిత్యాల దగ్గర ఊళ్లో ఇల్లు కట్టిన. పెద్ద స్లాబు. అమ్మ బాపు ఇద్దరే ఉంటరు, నెలకు 90 యూనిట్లు కూడా కాలదు. ఇక్కడ పైసలు కొంచెం జమైనయ్, 5 కిలోవాట్లు పెట్టి మొత్తం అమ్మితే వాళ్ల మందుల ఖర్చన్నా ఎల్లుతదని ఆలోచన. పెట్టమంటరా?

మానేరు తీరం
తమ్మీ, అమ్మానాన్నకు తెల్ల రేషన్ కార్డు ఉందా? గృహజ్యోతి వస్తోందా?

జగిత్యాల టు దోహా
ఉంది అన్న. బిల్లు జీరోనే వస్తది.

మానేరు తీరం
అయితే వద్దు తమ్మీ. 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంటికి సోలార్ ఆదా చేసేదేమీ లేదు. గృహజ్యోతి లేదనుకున్నా 90 యూనిట్లకు అయ్యేది 221 రూపాయలు. దాని కోసం మూడు లక్షలు డాబా మీద పెట్టి, ఎక్కడో దోహాలో కూర్చుని, ఇక్కడ కోతి వైరు లాగిందా ఫ్యూజు పోయిందా అని బాపును ఎండలో మెట్లెక్కించడం నీకు ఇష్టమా? ఆ పైసలు బ్యాంకులో వాళ్ల పేరు మీద డిపాజిట్ వేయి. వడ్డీ ఏ నెలకా నెల వస్తుంది, మందులకు అందుతుంది. నువ్వు తిరిగొచ్చి పిల్లలతో ఆ ఇంట్లో ఉన్ననాడు ఏసీలు పెట్టుకుంటావు, అప్పుడు సోలార్ పెట్టు, నేనే వచ్చి చూసి పెడతా.

జగిత్యాల టు దోహా
సరే అన్న. మంచిగ చెప్పినవ్. ఇక్కడ రూములో నలుగురు ఇదే ప్లాన్‌ల ఉన్నరు, వాళ్లకు కూడా ఇది చూపిస్తా.

భద్రకాళి గుడి వీధి
నాకు వేరే సమస్య. వరంగల్‌లో ఉంటాం. నెలకు 350 దాకా కాలుతుంది, అంటే మాకు లెక్క కుదురుతుంది. కానీ మీటరు మా మామయ్య గారి పేరు మీద ఉంది, ఆయన కాలం చేసి ఆరేళ్లు. బిల్లు అదే పేరుతో కట్టుకుంటూ వచ్చాం, ఎప్పుడూ అడ్డం రాలేదు. ఇప్పుడు సూర్యఘర్ పోర్టల్‌లో మా వారి పేరుతో అప్లై చేద్దామంటే పేరు కలవడం లేదు. దీనికి దారి ఏంటి?

వేయిస్తంభాలు
అక్కా, నేను ఈ పనే చేస్తాను, ప్యానెళ్లు బిగించే టీములో ఉన్నాను, కంపెనీ పేరు ఇక్కడ చెప్పుకోవడం బాగుండదు. మా దగ్గరకు వచ్చే ఫైళ్లలో ఎక్కువ ఆగేది మీరు చెప్పిన దగ్గరే. ముందు సర్వీసు పేరు మార్పించాలి. మామయ్య గారి డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్, ఇంటి పన్ను రశీదు మీ వారి పేరు మీద ఉంటే అది, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్ల అభ్యంతరం లేదనే కాగితం. పేరు మారి ఒక బిల్లు కొత్త పేరుతో వచ్చాకే సోలార్ అప్లికేషన్ వేయండి. బిల్లు మీద, ఆధార్ మీద, బ్యాంకు పాసుబుక్ మీద పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోండి. ఒక దాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉండి సబ్సిడీ ఆగినవాళ్లను చూశాను. సబ్సిడీ మాకు రాదు అక్కా, నేరుగా మీ ఖాతాలోకే పడుతుంది.

భద్రకాళి గుడి వీధి
ఆడపడుచులు ఇద్దరు ఉన్నారు, సంతకం పెడతారు కానీ ఒకరు ముంబైలో. దసరాకి వచ్చినప్పుడు అడిగితే సరిపోయేది, ఇప్పుడు సంక్రాంతి దాకా ఆగాలి. థాంక్స్ తమ్ముడూ.

జమ్మికుంట రైలు గేటు
నా అనుభవం రాస్తున్నా, మళ్లీ ఎవరికీ అలా కాకూడదని. నేను మొదట ఒక వెండరుకు ఇచ్చాను, పేరు చెప్పను. అందరికన్నా 25,000 తక్కువ చెప్పాడు. పని మొదలు పెట్టకముందే మొత్తం డబ్బు కట్టించుకున్నాడు. ప్యానెళ్లు పెట్టాడు, తళతళ మెరుస్తున్నాయి, నేను ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. రెండు నెలలైనా సబ్సిడీ లేదు, లైన్లోకి పంపింది, తీసుకుంది రెండూ లెక్కపెట్టే నెట్ మీటరూ రాలేదు. తీరా చూస్తే అతను మీటరు ఫైలే పెట్టలేదు. ప్యానెళ్లు కూడా సబ్సిడీకి పనికొచ్చే రకం కావు. సూర్యఘర్‌లో ప్యానెల్ లోపలి సెల్లు కూడా మన దేశంలోనే తయారై ఉండాలి, దాన్నే డీసీఆర్ ప్యానెల్ అంటారు, బయటి సెల్లుతో చేసిన ప్యానెల్ చవకగా దొరుకుతుంది, ఆ 25,000 తేడా అదే. ఆ రెండు నెలలు మా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు నేను. అప్పు చేసి కట్టిన డబ్బు అది. చివరికి ఊళ్లో పెద్దమనుషులను కూర్చోబెట్టి ప్యానెళ్లు మార్పించుకున్నాను.

కాబట్టి అగ్రిమెంట్‌లోనే డీసీఆర్ అని రాయించుకోండి. ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఉంటుంది, పైకి ఎక్కించకముందే ఒక్కో దాని ఫొటో తీసి పెట్టుకోండి, ఎక్కించాక వంగి చూడడం కష్టం. డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి, చివరి భాగం మీటరు మారాకే.

వేయిస్తంభాలు
అన్న చెప్పింది ప్రతి మాట నిజం, మా ఫీల్డులో ఇలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల వల్ల అందరికీ చెడ్డ పేరు. పోర్టల్‌లో రిజిస్టర్ అయిన వెండరేనా కాదా అని ముందు చూసుకోండి, సబ్సిడీకి అది తప్పనిసరి. పెట్టిన వెండరే 5 ఏళ్లు మెయింటెనెన్స్ చూడాలి, అది కూడా కాగితం మీద ఉండాలి. ఇంకో సంగతి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత కొటేషన్ పట్టుకుని బేరం ఆడకండి, కొత్తది రాయించుకోండి.

హన్మకొండ డాబా
ఇవాళ ఆదివారం కదా, నాన్న నేను కూర్చుని 12 బిల్లులు ముందేసుకున్నాం. మొత్తం 3,960 యూనిట్లు. సెకండ్ షిఫ్ట్ సార్ చెప్పిన 4,000 దగ్గరికే వచ్చింది. ఏడాదికి కట్టింది 25,000 పైనే. కొటేషన్ 1,95,000 ఇచ్చారు 3 కిలోవాట్లకు, 78,000 పోతే 1,17,000. ఐదేళ్లలో తీరిపోయేలా ఉంది. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మూడే పెట్టు" అన్నారు.

ఇప్పుడు ఇంకో రెండు అనుమానాలు. మా స్లాబు 1998లో వేసింది, డ్రిల్లు పెడితే కారుతుందని నాన్న భయం. కరెంటు పోయినప్పుడు సోలార్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి కదా?

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
తిరగవు సార్. ఇది పెట్టుకున్న వాళ్లలో సగం మందికి తెలియదు. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ గ్రిడ్‌కు, అంటే కరెంటు లైన్‌కు కలిపి ఉంటుంది, లైన్లో కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. లైన్ పోయిందంటే ఆ క్షణమే ఆగిపోతుంది, మిట్ట మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే. అలా పెట్టింది కావాలనే. కరెంటు తీశామనుకుని లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉంటాడు, అప్పుడు మీ డాబా మీది కరెంటు లైన్లోకి వెళ్తే వాడి ప్రాణం పోతుంది. మీ ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అది అలాగే ఉంచుకోండి, కరెంటు పోతే పాతలాగే ఫ్యాన్లు లైట్లు దాని మీద నడుస్తాయి. సోలార్ వైరు మాత్రం ఆ బ్యాటరీ ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కలపనీయొద్దు, మీటరు తర్వాత మెయిన్ వైపే కలపాలి. బిగించేటప్పుడు పక్కన నిలబడి అడగండి.

స్లాబు విషయం. పాత స్లాబుకు చిల్లులు వద్దు. కాంక్రీటు దిమ్మెలు పోయించి వాటిలో కాళ్లు నిలబెట్టమనండి. మే నెల గాలిదుమారం తెలుసు కదా, రేకుల షెడ్లు లేచిపోతాయి, అందుకని దిమ్మె చిన్నది పోస్తే ఒప్పుకోకండి. ఎర్తింగ్ గుంతలు మూడు ఉండాలి, ప్యానెళ్ల వైపు ఒకటి, ఇంటి వైపు ఒకటి, పిడుగు తీగకు ఒకటి. మూడింటినీ ఒకే గుంతలో కలిపి మమ అనిపించేవాళ్లు ఉన్నారు.

అమ్మగారికి చెప్పండి, కాళ్లు ఏడెనిమిది అడుగుల ఎత్తు పెట్టిస్తే కింద మనిషి నడవొచ్చు, నీడ కూడా అవుతుంది. మిరపకాయలకు మిగిలిన సగం డాబా ఉంటుంది. 3 కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, దాదాపు 300 చదరపు అడుగులు పోతుంది, అంతే.

పాకాల చెరువు
నర్సంపేట వైపు రైతును. మిరపకాయల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మాకు నాలుగెకరాలు పడావుగా ఉంది, రాళ్ల భూమి. దానిలో ప్లేట్లు పెట్టి అమ్మితే?

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
అది ఇంటి స్కీమ్ కాదు అన్నా, పీఎం కుసుమ్ అని వేరే ఉంది. 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా, అక్కడ నిజంగానే అమ్మకం, మన రాష్ట్రంలో యూనిట్‌కు 3.13 రూపాయలు నిర్ణయించారు. మెగావాట్‌కు నాలుగెకరాల దాకా కావాలి, పెట్టుబడి కోట్లలో. సబ్‌స్టేషన్ దగ్గరలో ఉంటేనే ఆలోచించాలి. దాని గురించి వేరే చర్చ మొదలు పెట్టు, నాకు తెలిసింది రాస్తా.

హన్మకొండ డాబా
సార్, మాకు ఇంకో మాట కూడా చెప్పారు, ఎండ ఎంత ఎక్కువుంటే అంత కరెంటు, మన వరంగల్ ఎండలకు మేలో విరగకాస్తుందని.

గోదావరిఖని సెకండ్ షిఫ్ట్
వెలుతురు కావాలి సార్, వేడి కాదు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. ఆ పైన ప్రతి డిగ్రీకి 0.3, 0.4 శాతం దాకా తగ్గుతుంది. మా రామగుండం ఎండ సంగతి అందరికీ తెలుసు, 44 డిగ్రీల రోజున ప్యానెల్ మీద చెయ్యి పెట్టలేం, 65 దాటి ఉంటుంది. అంటే 12 నుంచి 16 శాతం అక్కడే పోయింది. అందుకే బాగా వచ్చే నెలలు ఫిబ్రవరి, మార్చి. ఇక్కడ ఎన్‌టీపీసీ వాళ్లు రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల ప్యానెళ్లు తేలించారు, 2022 జూలైలో పూర్తయింది. కింద నీళ్లుంటే ప్యానెల్ చల్లగా ఉంటుంది, నీళ్లు ఆవిరి కావడమూ తగ్గుతుంది. డ్యూటీకి పోతూ గట్టు మీద బండి ఆపి చూస్తుంటాను, నీలం రంగు చాప పరిచినట్టు ఉంటుంది. డాబా మీద కూడా గాలి ఆడేలా ఎత్తులో పెడితే ఎంతో కొంత ఇదే పని జరుగుతుంది.

మన దగ్గర దక్షిణం వైపు, 15 నుంచి 18 డిగ్రీల వాలు పెట్టించండి.

జమ్మికుంట రైలు గేటు
నీడ గురించి ఎవరూ చెప్పలేదు. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క దాని మీద వాటర్ ట్యాంకు నీడ పడ్డా మొత్తం వరస మీద దెబ్బ పడుతుంది. పెట్టకముందు ఒక రోజు పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకి డాబా ఎక్కి నీడలు చూసుకోండి. చలికాలం నీడలు పొడుగు, ఇప్పుడు చూస్తేనే తెలుస్తుంది.

ఇక మాకు దగ్గర్లో రైస్ మిల్లు ఉంది. వడ్ల సీజన్‌లో దాని బూడిద వచ్చి నల్లగా పొరలా కూర్చుంటుంది. వేలితో గీస్తే గీత పడుతుంది. పదిహేను రోజులు వదిలేస్తే రోజుకు 12 వచ్చేది 9కి పడిపోయింది. కడిగిన మర్నాడు మళ్లీ 12. సూర్యుడు ఎక్కకముందే కడగాలి, కాలిన గాజు మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, ఆరాక తెల్లటి చారలు పడ్డాయి. ఇప్పుడు వారానికోసారి మంచినీళ్లు రెండు బకెట్లు, పొడుగు కర్రకు మెత్తటి గుడ్డ. సబ్బు వద్దు.

మానేరు తీరం
నా వంతుగా కోతుల గురించి రాస్తా, ఎందుకంటే కరీంనగర్ వరంగల్ వైపు ఇది లేకుండా సోలార్ గురించి రాయడమే తప్పు. పోయిన ఆగస్టులో ఒక రోజు ఆఫీసులో ఉండగా ఫోన్‌లో యాప్ చూస్తే సున్నా. మబ్బేమో అనుకున్నా. ఇంటికొచ్చి చూస్తే ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు. పైకెక్కి చూస్తే రెండో ప్యానెల్ కింద వైరు లాగి కనెక్టర్ ఊడదీసిపెట్టింది, వైరు మీద పంటి గాట్లు స్పష్టంగా ఉన్నాయి. వరసలో ఒక్కటి ఊడితే ఆరూ ఆగిపోతాయి. నేను దాన్ని చేత్తో కలపబోయాను, మా ఆవిడ కింద నుంచి అరిచి ఆపింది, మంచిపని చేసింది. ఎండలో ఆ వరసలో 200 వోల్టుల పైన డీసీ ఉంటుంది, ముట్టుకుంటే వదలదు. టెక్నీషియన్ వచ్చి డీసీ స్విచ్ తీసి కలిపాడు. ఆ తర్వాత వైర్లన్నీ పైపుల్లో వేయించాను, ప్యానెల్ కింద వేలాడే తీగ ఒక్కటి కూడా లేకుండా స్టీలు క్లిప్పులు కొట్టించాను. కోతులు ఇప్పటికీ వస్తాయి, ప్యానెళ్ల మీద కూర్చుని పోతాయి. వైరు కనబడకపోతే వాటికి పనిలేదు.

భద్రకాళి గుడి వీధి
ఇన్వర్టర్ ఎక్కడ పెట్టించాలి? మాకు 2023 జూలై వానల్లో కింది గదిలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఫ్రిజ్ తేలింది.

వేయిస్తంభాలు
మెట్ల పక్కన గోడ మీద, మొదటి అంతస్తు ఎత్తులో, పైన నీడ ఉండే చోట అక్కా. నీళ్లు వచ్చిన ఇల్లని మీ టీముకు ముందే చెప్పండి.

హన్మకొండ డాబా
నాలుగు నెలల తర్వాత వచ్చాను, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని పూర్తిగా రాస్తున్నా. 3 కిలోవాట్లే పెట్టించాం. నవంబర్ చివరి వారంలో బిగించారు, దిమ్మెలు పోసి వారం ఆరనిచ్చాకే కాళ్లు ఎత్తారు. డిసెంబర్ మధ్యలో మీటరు మార్చారు. బ్యాంకు లోను తీసుకోలేదు, కానీ కావాల్సినవాళ్లకు 2 లక్షల దాకా తాకట్టు లేకుండా 6 శాతం దగ్గర వడ్డీకి ఇస్తున్నారు, మా కొలీగ్ తీసుకున్నాడు. 78,000 జనవరిలో నా ఖాతాలో పడింది.

మధ్యలో ఒక టెన్షన్ వచ్చింది, అది కూడా చెప్తా. యాప్‌లో రోజుకు 11 యూనిట్లు తయారైనట్టు చూపిస్తుంటే, మీటరులో ఎక్స్‌పోర్ట్, అంటే లైన్లోకి పోయింది, ఏడూ ఎనిమిదే పెరుగుతోంది. మిగతా మూడు ఎటు పోతున్నాయి, మీటరు తప్పుగా తిరుగుతోందా అని రెండు రోజులు నిద్రలేదు. తర్వాత పొద్దున మోటారు వేసి మీటరు ముందు నిలబడితే అర్థమైంది. మోటారు నడిచినంతసేపు ఎక్స్‌పోర్ట్ అంకె కదల్లేదు. ఇంట్లో కాలినంత కాలాక మిగిలిందే మీటరు దాకా వస్తుంది, కాబట్టి యాప్ అంకె, మీటరు అంకె ఎప్పుడూ ఒకటి కావు. అప్పటినుంచి వాషింగ్ మెషీన్, గీజర్, మోటారు అన్నీ పదకొండు తర్వాతే వేయమని ఇంట్లో చెప్పాను.

మానేరు తీరం
అన్నా, ఒక్క మాట. నెట్ మీటర్ ఉన్నప్పుడు యూనిట్‌కు యూనిట్ కాబట్టి గీజర్ పొద్దున ఆరింటికి వేసుకున్నా బిల్లులో తేడా రాదు. పిల్లలు స్కూలుకు చన్నీళ్లతో పోసుకుని పోవాల్సిన పనిలేదు.

హన్మకొండ డాబా
అయ్యో, రెండు వారాలుగా పిల్లలు గొణుగుతూనే ఉన్నారు. ఇవాళే చెప్తాను. మరి జనవరి బిల్లు చూసి చెప్పండి సరిగ్గా ఉందో లేదో. తయారైంది 345, ఎక్స్‌పోర్ట్ 235, ఇంపోర్ట్ 130. బిల్లులో యూనిట్లు సున్నా, 105 జమ అని ఉంది. ఈ 105 పోతాయా?

మానేరు తీరం
పోవు. జూన్ దాకా ఉంటాయి. ఫిబ్రవరివి కూడా దానికి కలుస్తాయి, ఏప్రిల్ మే ఏసీలకు అవే తగ్గుతాయి. మీ సైజు సరిగ్గా కుదిరింది. నాన్నగారు ఏమంటున్నారు?

హన్మకొండ డాబా
పింఛన్ మాట ఎత్తడం లేదు. రోజూ సాయంత్రం ఆరింటికి కళ్లజోడు పెట్టుకుని మీటరు దగ్గరికి వెళ్లి రెండు అంకెలూ పాత క్యాలెండర్ వెనక రాస్తున్నారు. అమ్మ ఈ వారం మిరపకాయలు తెప్పించింది, చపాటా రకం, ప్యానెళ్ల వరసకు ఇవతల ఎండబోసింది. సాయంత్రం అవి ఎత్తడానికి నేను పైకి వెళ్లాలి, మిగతావి రేపు రాస్తా.

భద్రకాళి గుడి వీధి
మా సర్వీసు పేరు మారింది. ముంబై ఆడపడుచు సంక్రాంతికి వచ్చి సంతకం పెట్టింది. నిన్న కొత్త పేరుతో బిల్లు వచ్చింది. వేయిస్తంభాలు తమ్ముడూ, ఇప్పుడు పోర్టల్‌లో ముందు ఏది నొక్కాలి?

వేయిస్తంభాలు
బిల్లు మీద యూఎస్‌సీ నంబరు, అంటే మీ సర్వీసు నంబరు ఉంటుంది అక్కా, అది చేతిలో పెట్టుకుని కూర్చోండి. రాష్ట్రం తెలంగాణ, డిస్కం ఎన్‌పీడీసీఎల్, అంటే మన ఉత్తర తెలంగాణ కంపెనీ ఎంచుకోండి. చాలామంది అక్కడ దక్షిణం వైపుదైన ఎస్‌పీడీసీఎల్ నొక్కేసి నంబరు తప్పంటోంది అని ఫోన్ చేస్తుంటారు. ఆ తర్వాత వచ్చే పేజీలో మీ వారి పేరు సరిగ్గా కనబడిందో లేదో ఇక్కడ రాయండి, నేను ఆన్‌లైన్‌లోనే ఉంటా.